నీ పాత్రకు ఏది కష్టం?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కొత్తగా వచ్చినవాళ్లు క్యారెక్టర్ షీట్‌లో బలం, తెలివి, ఆయుధాలు అన్నీ చకచకా నింపేస్తారు. అలైన్‌మెంట్ అనే గడి దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోతుంది. లాఫుల్ గుడ్ మొదలు కేయాటిక్ ఈవిల్ దాకా తొమ్మిది రకాలు. కట్టుబాటుకు తలవంచే మనిషా, తన ఇష్టం తనదనే మనిషా అన్నది ఒక లెక్క. మంచివాడా, చెడ్డవాడా అన్నది ఇంకో లెక్క. రెండింటికీ నడుమ న్యూట్రల్. "నా పాత్ర ఇందులో ఏది?" అని అడిగినవాళ్లకి నేనొకటే చెబుతాను: నీ పాత్రకు ఏ పని చేయడం కష్టమో ముందు ఆలోచించుకో, గడి సంగతి తర్వాత.

లాఫుల్ గుడ్ కాబట్టి అబద్ధమాడడు అని తీర్మానించేస్తే ఆ పాత్రలో ఆడటానికి ఏమీ మిగలదు. అబద్ధమాడితే ఆ రాత్రి నిద్రపట్టని మనిషి అనుకుని చూడండి. అతను అబద్ధమాడక తప్పని ఘడియ కోసం బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు మంచి, చెడు అనేవి ఈ లెక్కలో లేవు. లా, న్యూట్రాలిటీ, కేయాస్ అని మూడే. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ కథల్లోంచి వచ్చిన ఊహ అది. విశ్వంలో రెండు శక్తులు తలపడుతున్నాయి, నువ్వు ఎటు అన్నదే ప్రశ్న. 1976లో గైగాక్స్ ఒక వ్యాసంలో మంచిచెడుల గీతను దానికి అడ్డంగా గీశాడు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేసరికి తొమ్మిదీ స్థిరపడ్డాయి. గీత దాటినవాళ్లకి శిక్షలుండేవి. అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్ పోయేది. పాలడిన్ అనే ధర్మయోధుడు తెలిసి తెలిసి చెడ్డపని చేస్తే ఆ హోదా మళ్లీ దక్కేది కాదు.

2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో ఈ శిక్షలు దాదాపు కనబడవు. పాలడిన్‌కి ప్రమాణం ఉంది కానీ లాఫుల్ గుడ్ అయి తీరాలన్న నిర్బంధం లేదు. ఇదే కోవకు చెందిన మరో ఆట పాత్‌ఫైండర్ అయితే 2023లో అలైన్‌మెంట్‌నే తీసేసింది. ఇక ఈ గడి దేనికి అని చాలామంది అంటున్నారు. శిక్ష పోయాకే దానికి విలువ వచ్చిందని నా నమ్మకం. అప్పట్లో ఆటగాడు లెవెల్ పోతుందేమోనన్న జంకుతో మంచిగా నడుచుకుని ఉండొచ్చు. ఇప్పుడా జంకు లేదు. తన పాత్ర ఎందుకు మంచిదో ఆటగాడే వెతుక్కోవాలి.

కేయాటిక్ న్యూట్రల్ దగ్గర మాత్రం నాకు ఓపిక తక్కువ. తోటివాళ్ల సంచిలో బంగారం కొట్టేసి, "నా పాత్ర స్వభావం అంతే" అనేవాళ్లు ప్రతి బల్ల దగ్గరా తగులుతారు. ఆ స్వభావాన్ని రాసుకున్నది ఎవరు? కట్టుబాట్లు లెక్కచేయని మనిషికి కూడా ప్రాణమిచ్చే స్నేహితులుంటారు, చచ్చినా చేయని పనులుంటాయి. అవేమిటో చెప్పలేకపోతే పాత్ర ఇంకా తయారుకానట్టే.

చెడ్డ పాత్రకు మరింత శ్రద్ధ కావాలి. ఈ విషయంలో మన తెలుగువాళ్లకి చేతికందే పాఠం ఒకటుంది. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేశాడు. దుర్యోధనుడి అహంకారాన్ని ఆయన ఎక్కడా తగ్గించలేదు. కర్ణుడి మీద ఆ రాజుకున్న ప్రేమనూ అంతే నిండుగా చూపించాడు. లాఫుల్ ఈవిల్ ఆడతానన్న వాళ్లని నేను ఆ సినిమా చూసి రమ్మంటాను. నీ దుర్మార్గుడికి కర్ణుడెవరో తేల్చుకుని రా, అప్పుడు కూర్చుందాం అంటాను.

మా ఆదివారం ఆటలో కథ నడిపే డంజన్ మాస్టర్ పని నాది. ఈమధ్య అడవిలో పోరు ముగిశాక ఒక గాబ్లిన్ కత్తి పడేసి లొంగిపోయాడు. దొరికిన గాబ్లిన్‌ని ఉరితీయాలన్నది ఆ సరిహద్దు ఊరి చట్టం. తలకు వెల కూడా కట్టారు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే కుర్రాడు అక్కడే పని ముగించేద్దామన్నాడు. పాలడిన్ ఆడే అమ్మాయి లొంగినవాణ్ణి చంపనని ప్రమాణం చేసి ఉంది. ఆమెది లాఫుల్ గుడ్. "మరి చట్టం మాటేంటి? నువ్వే చట్టాన్ని కాదంటావా?" అని కుర్రాడు రెట్టించాడు. ఆమె ఇరవై ముఖాల పాచికను వేళ్ల మధ్య తిప్పుతూ కాసేపు కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, "వీడి పేరేంటి?" అంది.

పేరు చెప్పాను. అంతే, వాడి తలకున్న వెల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమె వాణ్ణి కట్టేసి ఊరికి నడిపించుకెళ్లింది. ప్రభువు ఎదుట నిలబడి వాడి తరఫున వాదించింది. ప్రభువు ఒప్పుకోలేదు. ఆ ఊరు తనకిచ్చిన అధికార ముద్రను ఆమె సభలో అందరూ చూస్తుండగా తిరిగిచ్చేసింది. ఆ రాత్రే చెర తలుపు తీసి వాణ్ణి వదిలేసింది. గాబ్లిన్ లొంగాక ఆ పూటంతా కత్తి దూసినవాళ్లు లేరు. అంత ఉత్కంఠగా సాగిన పోరాటం మా బల్ల మీద నాకు ఇంకొకటి గుర్తులేదు.

చెర తలుపు తీసిన మనిషి ఇంకా లాఫులేనా అని మావాళ్లు రెండు పక్షాలై వాదించుకుంటున్నారు. నా ఓటు లాఫుల్‌కే. కేయాటిక్ అయితే అడవిలోనే తాడు కోసేసేది. ఈమె ఆ చట్టం దగ్గరికే వెళ్లింది, తీర్పు వచ్చేదాకా ఆగింది. అది కాదన్నాక, దాని పేరు చెప్పుకుని తిరిగే హక్కు వదులుకున్నాకే తలుపు మీద చెయ్యి వేసింది. అలా చేయడం ఆమెకు ఎంత కష్టమైందో బల్ల దగ్గరున్న మేమందరం చూశాం. ఆమె గడిలో రాసుకున్నది మార్చలేదు, నేనూ మార్చమనలేదు. వచ్చే ఆదివారం ప్రభువు సైనికులు వాళ్ల వెంట పడతారు. రోగ్ ఆడే కుర్రాడు అప్పుడు ఎటు నిలబడతాడో చూడాలి.