ఆగితే దిగబడినట్టే

దమ్ము చేలో ట్రాక్టరు కూరుకుపోతే మా కోనసీమలో గట్టు మీద నుంచి వినిపించే మొదటి కేక, "రేజ్ చెయ్యకురా, ఇంకా దిగిపోద్ది!" అమెరికా అడవుల్లో జరిగే క్వాడ్ (నాలుగు చక్రాల బండి) పందేల వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఆ కేకే గుర్తొస్తుంది.

ఈ పందేల పుట్టిల్లు వెస్ట్ వర్జీనియా కొండల్లోని డేవిస్ అనే చిన్న ఊరు. 1975లో డేవ్ కూంబ్స్ అక్కడ 'బ్లాక్‌వాటర్ 100' మొదలుపెట్టాడు. దారి పొడవునా ఏరు, రాళ్ళు, ఊబినేల. మొదట మోటార్‌సైకిళ్ళ పందెమే. మూడు చక్రాలవీ నాలుగు చక్రాలవీ తర్వాత వచ్చి చేరాయి. 1993తో అది ఆగిపోయినా, దాన్నుంచి పెరిగిన గ్రాండ్ నేషనల్ క్రాస్ కంట్రీ సిరీస్ ఇప్పటికీ నడుస్తోంది.

స్పోర్ట్ క్వాడ్ అంటే రిసార్టుల్లో టిక్కెట్టు కొని తిప్పే ఏటీవీ కాదు. 450 సీసీ ఇంజను, గేర్లు, క్లచ్, చైను. బరువు దాదాపు 180 కిలోలు. శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది. ఆ రెంటికీ కలిపి ఒకటే ఇరుసు, డిఫరెన్షియల్ లేదు. కాబట్టి ఒక చక్రం జారినా రెండోది లాగుతుంది. చిక్కల్లా ఆ ఇరుసుకు బిగించిన స్ప్రాకెట్టుతోనే. అది బండి కడుపు కింద, నేలకు బాగా దగ్గరగా ఉంటుంది.

మన భాషలో గాడిలో పడటం మంచిమాట. ఇక్కడ గాడిలో పడ్డవాడి పని అయిపోయినట్టే. క్వాడ్లు వెళ్ళినకొద్దీ రెండు గాళ్ళు లోతవుతాయి, మధ్యలో గట్టు మిగులుతుంది. కాసేపటికి బండి కడుపు ఆ గట్టుకు ఆనుకుంటుంది, చక్రాలు గాల్లో తిరిగినట్టు తిరుగుతాయి. అందుకే తెలిసినవాడు ఒక పక్క చక్రాలు మధ్య గట్టు మీద, రెండో పక్కవి గాడి బయటి అంచు మీద పెట్టి పోతాడు. గేరు ముందే ఎంచుకుంటాడు, బురద మధ్యలో మార్చడు. మోకాళ్ళు కాస్త వంచి లేచి నిలబడి, ఒంటిని వెనక్కి వేస్తాడు. ముందు చక్రాలు తేలికవుతాయి, వెనకవి నేలను పట్టుకుంటాయి.

అసలు విద్య థ్రాటిల్ మీది బొటనవేలిది. మరీ నెమ్మదిస్తే టైరు గాళ్ళలో బురద నిండిపోయి నున్నటి డ్రమ్ములా తయారవుతుంది. ఆ బురదను విసిరి పారేసేంత వేగం చక్రానికి ఉండాలి. మరీ నొక్కితే అదే చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న సన్నటి చోటు ఇంజను చప్పుడును బట్టి చెవికి తెలియాల్సిందే. ఇరుక్కున్నాక చేసేదేముంది? దిగి, వెనక కడ్డీ పట్టుకుని, తోకభాగాన్ని ఎత్తి పక్కకు ఈడ్చడమే.

ముందుజాగ్రత్తలు చూస్తే నవ్వొస్తుంది, వంటింటి చిట్కాల్లా ఉంటాయి. బురద అంటకుండా ఫెండర్ల అడుగున వంటనూనె స్ప్రే కొడతారు. బండి అడుగున ఉండే రక్షణ పళ్ళెం సందుల్లో ఫోమ్ కుక్కుతారు. కళ్ళద్దాల మీద పల్చటి పొరలు అంటించుకుని, బురద పడ్డప్పుడల్లా ఒక్కోటి లాగి పారేస్తారు.

ఇదంతా ఇంజను బలం కన్నా నేలను చదవడమేనని నా అభిప్రాయం. బ్యారీ హాక్ 1993 నుంచి 1999 దాకా వరసగా ఏడేళ్ళు ఆ గ్రాండ్ నేషనల్ సిరీస్ క్వాడ్ల విభాగంలో ఛాంపియన్. అదే మనిషి 2003లో మోటార్‌సైకిల్ మీదా టైటిల్ కొట్టాడు. బండి మారినా కన్ను మారలేదు మరి.

వెస్ట్ వర్జీనియాలోనే స్నోషూలో జరిగే పందెం దారిలో 'హోవర్డ్స్ హోల్' అనే పేరుమోసిన బురదగుంట ఉంది. ఉదయం అమెచ్యూర్లు దాన్ని కుళ్ళబొడిచి వదిలాక, మధ్యాహ్నం ప్రొఫెషనల్స్ వస్తారు. గట్టు మీద జనం ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఆరితేరినవాడు ముందుగా చూసేది గుంటను కాదు, ఆ జనాన్ని. వాళ్ళు ఎక్కడ కిక్కిరిసి ఉంటే, అక్కడికి ఆమడ దూరంలో తన దారి వెతుక్కుంటాడు.