పిచ్చాపాటిలోని విమర్శ

గ్రంథవిమర్శ యనగానే మనకు రెండు చోటులు మాత్రమే జ్ఞప్తికి వచ్చును. ఒకటి పత్రికలోని పుట, రెండవది సభలోని వేదిక. ఈ రెండింటికి వెలుపల మనుష్యులు పుస్తకములను గూర్చి చెప్పుకొను మాటలకు మనము వేరు పేరులు పెట్టి యున్నాము. ఊసుపోక కబుర్లందుము, బాతాఖానీ యందుము, పిచ్చాపాటి యందుము. సంస్కారప్రియులు సైతము వీనిని సోమరితనమునకు బుట్టిన బిడ్డలుగనే యెంచుట కలదు. లోకాభిరామాయణమను మాట యొక్కటి మాత్రము నాకు వింతగా దోచును. పనిలేని మాటలకు రాముని పేరు తగిలించిన వారెవరో గాని, వారికి గబుర్లమీద బొత్తిగా నేవగింపు లేకుండెనని చెప్పవచ్చును.

ఈ పిచ్చాపాటియే సామాన్య పాఠకుని విమర్శ యని నా యభిప్రాయము. అది చెడినచో పత్రికలలోని విమర్శయు జెడును. అంతేకాదు, మనము కబుర్లలోనికి రానీయని వారిని జదువులోనికిని రానీయనట్లే. ఈ మాట నాకు గ్రంథములవలన దోచినది కాదు. విశాఖపట్టణపు సముద్రతీరమున నొక సిమెంటు బల్లయొద్ద దోచినది.

రామకృష్ణా బీచి దారిలో, 2002లో ప్రదర్శనశాలగా మార్చిన కురుసుర జలాంతర్గామికి గొంత దూరమున, శనివారపు సాయంకాలములందు నైదారుగురు చేరుదురు. వారికి సంఘము లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఒకరు పోర్టు లెక్కల శాఖలో బనిచేసి విశ్రాంతి గొన్నవారు. ఒకరు కళాశాలలో దెలుగు చెప్పు మేస్టారు. మూడవవారు బట్టలదుకాణములో గుమాస్తా. నాలుగవయాతడు ఉక్కు కర్మాగారపు కార్మికుడు. ఆతనికి మూడు వారములకొక పర్యాయము మాత్రమే శనివారపు సాయంకాలము చిక్కును. చేతిలో మురీ మిక్చరు పొట్లముండును. మాట చేపల ధరతో మొదలగును. మేడమీది కుండీలలో వేసిన మల్లె మొగ్గ తొడుగకపోవుటకు మరలును. తపాలా బిళ్ళలు కూర్చు నొకరి సరదామీదికి బోయి, మనుమని కళాశాల చేరికను దాకి, ఎప్పుడో యొక పుస్తకము దగ్గర నిలుచును. నేను వారిలోని వాడను గాను. ప్రక్క బల్లమీద గూర్చుండి వినువాడను. కొన్నాళ్ళకు వారే నన్ను బిలిచి పొట్లము చేతబెట్టిరి.

ఒకనాడు మాట రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి ‘అల్పజీవి’ మీదికి వచ్చినది. శాస్త్రిగారు (1922-1993) ఈ యూరిలోనే వకీలుగా నుండిన వారగుటచే నిచటివారు వారిని స్వంత మనిషివలె దలతురు. మేస్టారు చైతన్యస్రవంతి యను రచనాపద్ధతిని గూర్చి మంచి మాటలు చెప్పిరి. అవి సత్యములే. అందరును దల యూచిరి. తల యూచుట ముగిసిన తరువాత పోర్టు పెద్దమనిషి నెమ్మదిగా నిట్లనెను:

“మేస్టారూ, ఆ పద్ధతి పేరు నాకు తెలీదు గాని, సుబ్బయ్య భయం నాకు తెలుసండీ. పెద్దాఫీసరు గదిలో బెల్లు మోగితే, పిలిచింది నన్ను కాకపోయినా నా చెయ్యి ముందు చొక్కా బొత్తాం మీదకి పోయేది. ముప్ఫై ఏళ్ళు అలాగే పోయింది. ఈ పుస్తకం రాసినాయన నా బొత్తాం చూసినట్టున్నాడు.”

చదువరులు యోచింతురు గాక. మేస్టారు గ్రంథముయొక్క వంశమును జెప్పెను. పెద్దమనిషి గ్రంథము నిజమా కాదా యనుదానిని జెప్పెను. మొదటిదానిని విమర్శ యని, రెండవదానిని గబుర్లని యెట్లు వేరుచేయగలము? పిరికివాని మనస్సును నూరుపుటలలో వర్ణించిన నవలకు సాక్ష్యమీయగల వాడు, ఆ పిరికితనమును ముప్పది సంవత్సరములు మోసినవాడే గదా.

అయితే కథ యచట ముగియలేదు. పెద్దమనిషి భార్య కొంచెము దూరమున, వేరొక బల్లమీద గూర్చుండెడిది. ఆ దూరము నాచారమువలన వచ్చినదో యలవాటువలన వచ్చినదో నేను జెప్పలేను. మేస్టారు మర్యాదకై “మీరు కూడా చదివారా అమ్మా?” యని యడిగెను. భర్తయే బదులు చెప్పెను. “ఆవిడకి తీరికెక్కడిదండీ! నేను తెచ్చినవి అలా తిరగేస్తూంటుంది.”

“తిరగెయ్యడం కాదు అన్నయ్యగారూ, రెండుసార్లు చదివాను,” అని యామె మేస్టారితో ననెను. “మీరంతా ఆఫీసులో భయం గురించే మాట్లాడుకుంటున్నారు. అక్కడ భయపడ్డవాడు ఆ భయాన్ని సాయంత్రం ఎక్కడికి తెస్తాడు? ఇంటికే కదా. వీరు నలిపి నలిపి ఊడగొట్టిన ఆ బొత్తాం ముప్ఫై ఏళ్ళూ కుట్టిందాన్ని నేను.”

కొంతసేపు సముద్రము తప్ప నెవరును మాటలాడలేదు. ‘అల్పజీవి’మీద నేను జదివిన వ్యాసములలో నీ ప్రశ్న నాకు గనబడలేదు. భయపడువాని పక్షమున గ్రంథము నడచుచుండగా, ఆ భయపు మూల్యమును జెల్లించు మనిషి పక్షమున నిలిచి దానిని మరల జదువవచ్చునని యామె చూపినది. ఆ యింటికి రా నెలకు నాలుగు పుస్తకములు వచ్చుచుండినవి. ముప్పది సంవత్సరములుగా నామె వానిని జదువుచునే యుండెను. ఎవరును అడుగలేదు కనుక నామె పాఠకురాలు కాక, తిరగవేయునది మాత్రమే యయ్యెను.

పిచ్చాపాటిని నేను బొగడుచున్నానని దాని దోషములను గాననట్లు నటింపను. ఆ బల్లయొద్దనే చాల చెడు విమర్శయు విన్నాను. “బాగుంది” యను నొక్క మాటతో మూడువందల పుటల గ్రంథమును మూసివేయుట కలదు. ఏడాదిలో నెన్ని పుస్తకములు చదివితినని లెక్క చెప్పుట కలదు. అది పుస్తకపఠనము కాదు, తపాలా బిళ్ళల సేకరణమే. రచయిత యెవరితో గలహించెను, ఎంత త్రాగెను, బహుమాన మెట్లు సంపాదించెనను ముచ్చటలు గ్రంథమును ద్రోసిరాజనును. అన్నింటికంటె జెడ్డ దోషము, వయస్సు చేతను ఉద్యోగము చేతను పెద్దవాడు మాటలాడిన తరువాత దక్కినవారి యభిప్రాయము లొక్కసారిగా మాయమగుట.

ఈ దోషమును గనిపెట్టిన మొదటి గొప్ప విమర్శకుడు విశాఖజిల్లావాడే. గురజాడ అప్పారావుగారు 1862లో రాయవరమున జన్మించిరి. ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదటిసారి యాడబడినది, 1897లో నచ్చయ్యెను, 1909లో నించుమించు క్రొత్త నాటకముగా మరల వెలువడెను. దానిని సంస్కరణ నాటకమని పాఠములు చెప్పుదురు. కాని యందు సంస్కరణమును గూర్చి గంభీరోపన్యాసము చేయువాడెవడు? గిరీశము! వితంతు వివాహమును గూర్చి యంత మధురముగా మాటలాడినవాడు మరొకడు లేడు. వేదికమీద నిలిపినచో నాతనిని బట్టుకొనుట దుర్లభము. గురజాడవారు వానిని చుట్ట కాల్చుచు, వెంకటేశముతో బాతాఖానీ కొట్టుచు నుండగా బట్టియిచ్చిరి. ఉపన్యాసమున దాగినది కబుర్లలో బయటపడును.

మరియు నొక్కటి గమనింపుడు. ఆ నాటకమున దాదాపందరును ఒకరిమీద నొకరు మాటలు గుప్పింతురు. ఎదుటివాని మాటను వినుటకు దీరిక యెవరికిని లేదు. విని, ప్రశ్న వేసి, బదులును బరీక్షించునది మధురవాణి. చివరి భాగమున కథ విశాఖపట్టణమునకే వచ్చును. ఇచటి వకీలు సౌజన్యారావు పంతులు నిజమైన సజ్జనుడు, నిజమైన సంస్కర్త. వేశ్యను జూడనని నియమము పెట్టుకొన్నవాడు. ఆతనియొద్దకు మధురవాణి పురుషవేషమున వచ్చి మాటలాడును. ఆతని నియమము మంచిదే యైనను, అది మనుష్యులను జూడనీయని తెరగా మారినదని యామె ప్రశ్నలు తేల్చును. సంస్కర్తకు సంస్కారము నేర్పినది సభ కాదు, ఒక సంభాషణము. వేషము మార్చుకొన్న గాని స్త్రీకి సంభాషణములోనికి బ్రవేశము లేదన్న సంగతిని గూడ నాటకము వ్రాసియుంచినది. బీచిలోని రెండవ బల్లను జూచినప్పుడెల్ల నాకా వేషము జ్ఞప్తికి వచ్చును.

గురజాడవారు చూపిన దారిని మన వ్యాసరచయితలు పూర్తిగా బట్టుకొనలేదు. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి ‘సాక్షి’ వ్యాసములు 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలై, తరువాత ‘ఆంధ్రపత్రిక’లో సాగినవి. ఇంగ్లండులో 1711లో అడిసను, స్టీలు నడపిన ‘స్పెక్టేటరు’ పత్రిక వానికి మాదిరి. ఆ పత్రికలోని కల్పిత సంఘమున నొక పల్లెటూరి భూస్వామి, ఒక వర్తకుడు, ఒక సైనికోద్యోగి మున్నగు వారుందురు. ఒకరి మాట నొకరు త్రుంచుకొందురు. (అచటను స్త్రీకి గుర్చీ లేదు. కాఫీ గదులలోని లోకమది.) పానుగంటివారు సాక్షిసంఘమును గల్పించిరి గాని, లేచి మాటలాడు పని జంఘాలశాస్త్రికే యప్పగించిరి. ఆ మాటల జోరు, హాస్యము, కోపము తెలుగు వచనమునకు నిధులు, కాదనువాడు చెవిటివాడు. కాని యది సంఘము కాదు, ఒక వక్తయు గొందరు శ్రోతలును. మన యిండ్లలోను బల్లలయొద్దను పిచ్చాపాటి సామాన్యముగా నీ రూపమునే దాల్చుచున్నది. ఒకడు జంఘాలశాస్త్రి, నలుగురు చప్పట్లు.

దీనికి వేరైన ప్రయత్నము స్త్రీల పుటలలో జరిగినది. మాలతీ చందూర్ గారు ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దములు నడపిరి. అందు వంటను గూర్చిన ప్రశ్న ప్రక్కనే కాపురపు జిక్కును గూర్చిన ప్రశ్న యుండెడిది. ‘పాత కెరటాలు’ అను శీర్షికలో నామె యింగ్లీషు నవలలను దెలుగు గృహిణికి బరిచయము చేసెను. మన సాహిత్యచరిత్రకారు లీ పని నెంతవరకు విమర్శగా లెక్కించిరి? వంటగది వాసన తగిలినదని తొలగి పోలేదా? ఆ శీర్షికలోను దుదిమాట యొక్కరిదే, అది పత్రికాధర్మము. అయినను బ్రశ్నించు హక్కు పాఠకురాలికి గలదని యది యొప్పుకొన్నది.

గ్రంథాలయముల సంగతి కొంచెము చెప్పవలెను. 1886లోనే విశాఖపట్టణమున సరస్వతీనిలయమను గ్రంథాలయము వెలసినది. 1914లో బెజవాడ సభతో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము బలపడెను. 1935లో గృష్ణాడెల్టా కాలువమీద బడవలో పుస్తకములు బయలుదేరినవి. ఆ యుద్యమకారులకు గ్రంథాలయము పుస్తకములు దాచు కొట్టు కాదు. చదువురాని వారికి బత్రిక చదివి వినిపించు చోటు, విన్నవారు తర్కించుకొను చోటు. నేడు ‘నిశ్శబ్దము పాటింపుడు’ అను పలక లేని పఠనమందిరము గలదా? ఉద్యోగపరీక్షలకు జదువుకొను పిల్లలు తెల్లవారకముందే వచ్చి గుర్చీలు పట్టుకొనుచున్నారు. వారికి నిశ్శబ్దము కావలసినదే. వారి బ్రతుకు దానిమీద నున్నది. కాని వరండాలో నాలుగు బల్లలు వేసి, యిచట మాటలాడవచ్చునని మరియొక పలక కట్టుటకు గొప్ప ధనవ్యయ మక్కరలేదు. ఒక గ్రంథాలయాధికారితో నీ మాట చెప్పగా, “మాట్లాడుకోవడానికి బయట టీ దుకాణం ఉంది కదండీ” యని నవ్వెను. టీ దుకాణమునకు రాలేని వారెవరో యాతడు తలచుకొనలేదు.

రాలేనివారు స్త్రీలు మాత్రమే కారు. ఈ నగరమున 1933లో రేవు తెరచిరి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమును 1992లో జాతి కంకితము చేసిరి. ఉక్కు పని గడియారమును మన్నింపదు. కోకు బట్టీ చల్లారరాదు. కనుక రేయింబవళ్ళు మూడు షిఫ్టులు నడువవలెను. మన సాహిత్యసభ లెప్పుడు జరుగును? ఆదివారము సాయంకాలము ఆరు గంటలకు. పింఛనుదారుల కనుకూలమైన కాలమది. మధ్యాహ్నపు షిఫ్టులోని మనిషి యా గంటకు బట్టీ ముందర నుండును. మన బల్లయొద్ద నాలుగవయాతడు తన చదువును గూర్చి యొకనాడు చెప్పిన మాట వినుడు:

“నాది బస్సు చదువు సార్. పావుగంట, పావుగంట. నవల్లో మనుషులు నాకు మధ్యలోనే మరిచిపోతారు. కథైతే గాజువాక దాటేసరికి సగం, దిగేసరికి మొత్తం. దిగేటప్పటికి పూర్తవకపోతే అది పెద్ద కథని నా లెక్క. రాత్రి డ్యూటీ నుంచి వస్తూ చదివినప్పుడు మట్టుకు, రెండు పేరాలకి నిద్ర పట్టించకపోతే ఆ రాసినాయనకి దండం పెడతాను.”

మేస్టారు నవ్వి, కథానిక కిట్టి లక్షణమును ఏ లాక్షణికుడును జెప్పలేదనెను. నేను నవ్వలేకపోతిని. ఎనిమిది గంటల వేడిమినుండి వచ్చిన మనిషి కన్నులను మూతపడనీయని పేరా యే గుణముచే నట్టిదయ్యెనో విచారింపదగిన సంగతి కాదా? ఆతనిని వివరము లడుగగా, వర్ణన యున్నచోట నిద్ర వచ్చుననియు, ఎవరైన నొకరిని మోసగించుచుండగా మేలుకొందుననియు జెప్పెను. తాను మోసపోయిన సందర్భము లప్పుడు గుర్తుకు వచ్చునట! ఇట్టి పాఠకులు వేలకొలది యున్న యూరిలో, వారి మాట యేమియు జేరని విమర్శ పత్రికలలో బుట్టలకొలది వచ్చుచున్నది. నా పుటలును ఆ బుట్టలోనివే యని యొప్పుకొందును.

బొత్తాము మాట జరిగిన తరువాత రెండు శనివారములు పెద్దమనిషి భార్య రాలేదు. ఆమె మాట యెవరికైన నొప్పి కలిగించెనేమో యని నేను సందేహించితిని. మూడవ శనివారమున దంపతులిద్దరును వచ్చిరి. మోకాళ్ళ నొప్పి యట, మరేమియు లేదు. ఆమె చేతిలో బాత క్యాలెండరు కాగితము అట్టగా వేసిన ‘ఆరు సారా కథలు’ పుస్తకముండెను. మొదటి రెండు కథలు చదివితిననియు, రెండింటిలోను కోర్టు బయట నిలుచున్నవారిని గూర్చి యడుగవలసిన దున్నదనియు నామె మేస్టారితో ననెను. పెద్దమనిషి మిక్చరు పొట్లము నెత్తి యొడిలో బెట్టుకొని, బల్లమీద జరిగి చోటిచ్చెను.