కల అయితే బాగుణ్ణు

కథ ముగింపు నచ్చకపోతే మనం ఏం చేస్తాం? తిట్టుకుంటాం, కొన్నాళ్ళకి మర్చిపోతాం. మరీ ప్రాణం పెట్టుకున్న కథయితే ఇంకో పని చేస్తాం: అసలది ముగింపే కాదు పొమ్మంటాం. 2012 మార్చిలో 'మాస్ ఎఫెక్ట్ 3' అనే వీడియో గేమ్ విడుదలైనప్పుడు దాని అభిమానులు చాలామంది చేసింది ఇదే. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 50,000 ఏళ్ళకోసారి వచ్చి నాగరికతల్ని తుడిచిపెట్టే రీపర్లనే మహాయంత్రాల మీద కమాండర్ షెపర్డ్ చేసే పోరాటం ఇది. 2007లో మొదలై మూడు గేముల దాకా సాగింది. ఎవర్ని బతికించాలో, ఎవరితో చెలిమి చెయ్యాలో ఆడేవాళ్ళే తేల్చాలి. మొదటి గేములో తీసుకున్న నిర్ణయం మూడో దాన్లో ఎదురొచ్చి నిలబడుతుంది. అన్ని గంటలు మోసుకొచ్చిన ఆ బరువంతా చివర్లో, పసివాడి రూపంలో కనిపించే 'కాటలిస్ట్' ముందు దించాలి. వాడు మూడు దారులు చూపిస్తాడు. ఎరుపు: రీపర్లని నాశనం చెయ్యి. నీలం: వాటిని నీ అదుపులోకి తెచ్చుకో. ఆకుపచ్చ: ప్రాణుల్నీ యంత్రాల్నీ ఒకటి చేసెయ్యి. ఏది ఎంచుకున్నా తెర మీద కనిపించేది ఇంచుమించు ఒకటే, రంగు తేడా అంతే. ఒళ్ళు మండిన అభిమానులు గేమ్ తయారుచేసిన బయోవేర్ వాళ్ళకి దాదాపు 400 కప్ కేకులు పంపించారు. పైన మూడు రంగులు, లోపల ఒకటే రుచి. ఇంత క్లుప్తమైన విమర్శ నేనింకోటి ఎరగను.

కోపం చల్లారనివాళ్ళు కేకులతో ఆగలేదు, సిద్ధాంతం కట్టారు. రీపర్ల దాపున ఎక్కువకాలం మసిలినవాళ్ళ బుద్ధి మెల్లమెల్లగా వాటి వశమైపోతుందని మొదటి గేమే చెప్పింది. దాన్ని 'ఇండాక్ట్రినేషన్' అంటారు. ఆఖరి పరుగులో రీపర్ కిరణం తగిలి పడిపోయాక షెపర్డ్ చూసిందంతా అలాంటి భ్రమేనని వీళ్ళ వాదన. ఆధారాలు తక్కువేం కాదు. గేమ్ మొదట్లో కనిపించే పసివాణ్ణి షెపర్డ్ తప్ప ఇంకెవరూ పలకరించరు. ఆ కిరణం తర్వాత పిస్తోలులో గుళ్ళు అయిపోవు. మంచికి నీలం, మొరటుతనానికి ఎరుపు అన్న రంగుల లెక్క చివర్లో తారుమారవుతుంది. అన్నిటికీ మించి, సైన్యబలం బాగా కూడగట్టి ఎరుపు ఎంచుకుంటే, శిథిలాల మధ్య కవచం తొడుక్కున్న ఒక మనిషి ఊపిరి పీలుస్తాడు. అంటే షెపర్డ్ మేలుకున్నట్టేగా!

నేను నమ్మాను. అదే సంవత్సరం జూన్‌లో బయోవేర్ ఉచితంగా ఇచ్చిన 'ఎక్స్‌టెండెడ్ కట్' చూశాక నమ్మకం సడలింది. నీలమూ ఆకుపచ్చా ఎంచుకున్నాక లోకం ఏమైందో అందులో నిజంగా జరిగినట్టే చూపించారు. అయినా సిద్ధాంతం చావలేదు. దొరికింది ఆధారం, దొరకనిది ఇంకా పెద్ద ఆధారం. రచయిత చేసిన పొరపాటు కూడా అందులో మేధస్సు కింద జమ అయిపోతుంది.

అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాను? ఎరుపుకి ఒక ఖరీదుంది. రీపర్లతోబాటు 'గెత్' అనే యంత్రజాతి కూడా చచ్చిపోతుంది. నా ఆటలో గెత్‌లకీ, వాటిని పుట్టించిన క్వేరియన్లకీ నేను సంధి కుదిర్చాను. దానికోసం లీజియన్ అనే గెత్ తన ప్రాణమిచ్చింది. ముగింపు కలే అయితే గెత్‌లు చావలేదు. ఆ పిస్తోలూ రంగులూ కాదు, నాకు కావలసింది ఇదీ.

మనకిది కొత్తేం కాదు. రావణుడు సీతని ముట్టుకున్నాడన్న మాట భరించలేకే కాబోలు, అధ్యాత్మ రామాయణంలో ఎత్తుకుపోయింది మాయాసీతని మాత్రమే అన్నారు. మనసు కుదుటపడింది. మరి అశోకవనంలో పడ్డ దుఃఖం ఎవరిదైంది? నొప్పిని తీసేస్తే దాంతోపాటు కథ బరువూ పోతుంది.

సిద్ధాంతకర్తల్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఒక గేముని ప్రతి పిక్సెల్ తడిమి చదవడం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఆ హడావిడిలో అడగాల్సిన ప్రశ్న జారిపోయింది. యంత్రాలూ ప్రాణులూ ఎప్పటికీ కొట్టుకు చస్తూనే ఉంటారు అంటాడు కాటలిస్ట్. "అబద్ధం, వాళ్ళని నేనే కలిపాను" అని వాడి మొహాన చెప్పే అవకాశం ఆట నాకివ్వలేదు. అసలు లోపం అది. భ్రమ అనేస్తే ఆ లోపానికి జవాబు చెప్పే పని రచయితలకి తప్పిపోతుంది.

2021లో మూడు గేములూ కలిపి మళ్ళీ విడుదల చేసినప్పుడు మొదట్నించీ ఆడాను. మళ్ళీ సంధి కుదిర్చాను. మళ్ళీ ఎరుపే ఎంచుకున్నాను. ఈసారి గెత్‌లు నిజంగానే చచ్చిపోయాయి.