జల్లెడలో మిగిలిన చిటికెడు

కైకలూరు వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. సముద్రమేమో 30 కిలోమీటర్లకు పైగా దూరం. ఇంత లోపలికి ఉప్పెలా వచ్చిందని అడిగితే మా బోరు మేస్త్రి గొట్టం దించుతూనే అన్నాడు: "అడుగున సముద్రముంది మాస్టారూ."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఏలూరులో బడి ఉద్యోగం, ఇల్లు వదిలి విశాఖ వెళ్లి జియాలజీ చదివే వీలు నాకు లేదు. ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్లో చెప్పే సూక్ష్మశిలాజాల కోర్సులో చేరాను. రోజూ ఇంట్లో అందరూ పడుకున్నాక పాఠం. ఒకే కణంతో బతుకుతూ తన చుట్టూ సున్నంతో గదులు కట్టుకునే ఫొరామినిఫెరా, రెండు చిప్పలు మూసుకుని పెసరగింజలా ఉండే ఆస్ట్రకోడ్, గాజుపెట్టెలాంటి డయాటమ్. ఏ నీటిలో బతికేవి ఆ నీటికే ప్రత్యేకం. ప్రాణం పోయాక చిప్ప బురదలో మిగిలి, అక్కడి నీరు ఉప్పదో మంచిదో వేల ఏళ్ల తర్వాత కూడా చెబుతుంది.

పేర్లన్నీ కంఠతా వచ్చేశాయి. తీరా నా ముందు మట్టి పెట్టుకుంటే ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను. తెరమీద చూసినవన్నీ ఏ పగులూ లేని నిండు గుల్లలు, నా దగ్గరున్నవి ముక్కలు. పంపిస్తామన్న నమూనాల పెట్టె కోర్సు అయిపోయేదాకా రానేలేదు. చాలా బాధపడ్డాను.

అప్పుడు మేస్త్రినే అడిగి, బోరులోంచి వచ్చిన నల్లమట్టి గుప్పెడు తెచ్చుకున్నాను. వంటసోడా కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో వేసి కుళాయి కింద సన్నధారతో కడిగాను. వేళ్లతో నలపకూడదు, నలిపితే గుల్ల పొడైపోతుంది. ఎంతసేపైనా సరే, నీళ్లు తేటపడేదాకా జల్లెడ ఊపుతూనే ఉండాలి. గుప్పెడు మట్టికి మిగిలింది చిటికెడు. ఎండలో ఆరబెట్టి నల్లకాగితం మీద పల్చగా చల్లి, పాత మైక్రోస్కోపు కింద 40 రెట్లు పెద్దదిగా చూశాను. మూడో రాత్రి కనబడింది, చిన్న నత్తగుల్లలా మెలితిరిగిన అమ్మోనియా. ఉప్పుటేరు మొగలాంటి చోట, ఉప్పూ మంచీ కలిసిన నీటిలో బతికే జాతి. సన్నకుంచె కొసను తడిపి దాన్ని ఎత్తుతుంటే నా చెయ్యి వణికింది.

సుమారు 6000 ఏళ్ల కిందట కైకలూరు ఉన్న ఈ కొల్లేరు ప్రాంతం సముద్రపు అంచు. కృష్ణా, గోదావరి ఒండ్రు తెచ్చి పోసి తీరాన్ని ముందుకు నెట్టేశాయి, మధ్యలో పల్లం మిగిలింది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కిన మన కొల్లేరు సరస్సు ఆ పల్లమే. మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం.

ఇంకా పాత సముద్రం తాడేపల్లిగూడేనికి ఉత్తరాన ఉంది. నిర్మలగిరి మాత కొలువున్న గౌరీపట్నం దగ్గర క్వారీల్లో రెండు నల్లరాతి పొరలు కనిపిస్తాయి, రెండూ దక్కన్ లావావే. వాటి మధ్య ఇరుక్కున్న సముద్రపు మట్టిలో, డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టుకొచ్చిన ఫొరామినిఫెరా ఉన్నాయి. వయసు దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. ఆ మహావినాశనానికీ లావాకూ ఉన్న సంబంధం తేల్చడానికి ప్రిన్స్‌టన్ నుంచి గెర్టా కెల్లర్ బృందం ఈ రాజమండ్రి ప్రాంతపు క్వారీలనే పట్టుకుంది. ఆ పరిశోధన 2008లో అచ్చయింది. యాత్రకు వెళ్లే మనం ఆ రాళ్ల పక్కనుంచే వెళ్లివస్తాం.

తర్వాత ఎన్‌పీటెల్‌లో ఐఐటీల భూగర్భశాస్త్ర పాఠాలు కూడా విన్నాను, డబ్బు కట్టక్కర్లేకుండా. ఊరు కదలలేని వాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? అయితే ఒకటి, పాఠం వింటూనే సొంత ఊరి మట్టి కడగాలి. మనకు అది కష్టం కాదు. కైకలూరు, భీమవరం ఆక్వా ల్యాబుల్లో మైక్రోస్కోపులు ఉండనే ఉన్నాయి. చెరువునీటిలో ప్లాంక్టన్ చూసి పేరు చెప్పే కుర్రాళ్లకు ఈ విద్య రెండడుగుల దూరంలో ఉంది. మన కాలేజీలు వాళ్లను పిలవాలని నా గట్టి కోరిక.

మొన్న ఆదివారం మేస్త్రి గుమ్మంలో నిలబడి మూడు ప్లాస్టిక్ కవర్లు చేతికిచ్చాడు. ఒక్కోదాని మీద పెన్నుతో రాసి ఉంది: 20 అడుగులు, 35 అడుగులు, 50 అడుగులు.