చెవే మొదటి పానా

2023 జులై 27న మోరంచవాగు మోరంచపల్లి మీద పడింది. భూపాలపల్లి జిల్లాలోని ఆ ఊరి జనం ఇళ్ల కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకోవలసి వచ్చింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన నమోదైన సమయం అది. సైన్యం హెలికాప్టర్లు, విపత్తు దళాల పడవలు వచ్చి జనాన్ని బయటికి తెచ్చాయి. ఏడాది తిరిగాక, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఈ జిల్లాల్లో పడవ మోటరు సంగతి ఎవరికి కావాలని ఇక ఎవరూ అడగలేరు. వరద మధ్యలో ఆ మోటరు ఆగిపోతే పడవ ప్రవాహం చేతికి పోతుంది.

ఆగేముందు మోటరు దాదాపు ఎప్పుడూ చప్పుడు మారుస్తుంది. ఆ మార్పును పట్టుకునే చెవి మన దగ్గర కొత్తగా తయారు కానక్కరలేదు. అది జనగామ బావుల దగ్గర, మానుకోట (మహబూబాబాద్) మోటరు షాపుల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

జనగామ మెట్టప్రాంతం. దేవాదుల పంపులు గోదావరి నీళ్లను ఎత్తి ఇటు చెరువుల్లో పోయకముందు ఇక్కడి సేద్యం చాలావరకు బావి, బోరు మీదే. మోటరు కాలితే వైండింగు ఖర్చు ఒకటి, పొలం ఎండటం ఇంకొకటి. అందుకే రైతు మోటరును కళ్లతో కన్నా చెవితోనే కాపలా కాశాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటరు తిరగకుండా గుయ్‌మని మూలుగుతుంది. ఆ మూలుగు వినపడగానే పరుగెత్తి స్టార్టరు కట్టేస్తే వైండింగు దక్కుతుంది, లేదంటే నిమిషాల్లో మాడిపోతుంది. బోరు మోటరైతే భూమిలో ఎక్కడో లోతున ఉంటుంది, దాని చప్పుడు పైకి రాదు. అప్పుడు డెలివరీ పైపు మీద చెయ్యి వేసి అదురు చూస్తారు, నీటి ధార వింటారు. ధార మధ్యమధ్య తెగి, గాలి తన్నుకొస్తే ‘బోరు గ్యాప్ ఇస్తున్నది’ అంటారు. నీళ్లు మోటరు మట్టం దాకా దిగాయని దాని అర్థం. గేజీ లేదు, మీటరు లేదు. ఇంత కచ్చితమైన పరీక్షను బడికి పోని రైతు కూడా రోజూ చేస్తున్నాడు.

మెకానిక్ షాపులో ఈ విద్య ఇంకో మెట్టు ఎక్కుతుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు ఇంటి మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు గట్టిగా నొక్కి వింటారు. చుట్టూ ఎంత రొద ఉన్నా, మొన ఆనిన చోటి చప్పుడు మిగతా వాటికన్నా స్పష్టంగా వస్తుంది. బాగున్న బేరింగు సన్నగా, ఒకే తీరుగా జుమ్మంటుంది. గ్రీజు ఎండింది కీచుమంటుంది. గుండు దెబ్బతిన్నది గరగరమంటుంది. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితం చుట్ట చుట్టి రోగి గుండె విన్నాడు, స్టెతస్కోపు అలా పుట్టింది. మన మెకానిక్ చేస్తున్న పని దానికి ఏమాత్రం తక్కువది కాదని నా నమ్మకం.

ఇప్పుడు పడవ మోటరు దగ్గరికి వద్దాం. అమెరికాలో ఓలె ఎవిన్రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన నమూనా నుంచి నేటిదాకా దీని కట్టు పెద్దగా మారలేదు. ఇంజను పైన, గేర్లూ పడవను తోసే ఫ్యానూ నీళ్లలో, రెంటినీ కలిపే నిలువు షాఫ్టు మధ్యలో. మొత్తాన్ని పడవ వెనక పలకకు బోల్టులతో బిగిస్తారు. కాబట్టి కొత్త చప్పుడు వినపడితే మొదట తేల్చుకోవలసింది, అది పైదా కిందిదా అని. న్యూట్రల్‌లో పెట్టి రేజింగు కొంచెం పెంచాలి. చప్పుడు అప్పుడూ ఉంటే అనుమానం పైభాగం మీద. గేరు వేశాకే వస్తే కిందికి చూడాలి. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

గేరు పడేటప్పుడు ‘టక్’మనడం మామూలే. బండి నడిపే అలవాటుతో మెల్లగా, జాగ్రత్తగా గేరు వేస్తారు చాలామంది. ఇక్కడ అది తప్పు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లివరును ఒక్క ఊపున వెయ్యాలి. మెల్లగా వేస్తే గేరు పళ్ల అంచులు ఒరుసుకుని గరగరమంటాయి. కొన్నాళ్లకు అవి అరిగి, బరువు మీద గేరు దానంతటదే జారుతుంది. కింద సన్నని ఊళ మొదలై వేగంతో పాటు పెరుగుతుంటే గేరు నూనె తీసి చూడండి. పాలలా తెల్లబడితే సీలు పోయి నీళ్లు చేరినట్టు. మన చెరువుల్లో దీనికి ముఖ్య కారణం నైలాన్ వల దారం. ఫ్యానుకు చుట్టుకున్న దారం షాఫ్టు వెంట లోపలికి పోయి సీలును కోసేస్తుంది. ఫ్యాను విప్పి చూస్తే తప్ప కనపడదు. చేపలు పట్టే చెరువులో తిరిగే పడవకు ఈ తనిఖీ అలవాటుగా ఉండాలి.

ఉన్నట్టుండి ఇంజను గొంతు పెరిగి పడవ మాత్రం కదలకపోతే, ఫ్యాను మీద బరువు పోయినట్టు. ఫ్యాను నీటి మట్టానికి దగ్గరై గాలి పీలుస్తుండవచ్చు. బోరు గ్యాప్ ఇచ్చినప్పుడు విన్న తేడాయే ఇదీ. రేజింగు తగ్గిస్తే ఫ్యాను మళ్లీ నీళ్లు పట్టుకుంటుంది. పట్టుకోకపోతే ఫ్యానును పట్టి ఉంచే పిన్ను తెగిందో, లోపలి రబ్బరు జారిందో చూడాలి. చిన్న మోటర్లకు ఆ పిన్ను కావాలనే మెత్తగా ఉంటుంది, ఫ్యాను రాయికి తగిలితే గేర్లు విరగకుండా తాను తెగుతుంది. అదనపు పిన్నులు, ఒక కటింగ్ ప్లేయరు లేకుండా గోదావరిలోకి దిగకూడదు.

పైభాగం చప్పుళ్లలో కొన్ని భయపడనక్కరలేనివి. ఫోర్ స్ట్రోకు ఇంజనులో సన్నని టిక్ టిక్ వాల్వులది, కొలత చూసి సరిచేయించుకుంటే చాలు. కార్బురేటరు తుమ్మినట్టు వెనక్కి తన్నితే పెట్రోలు చాలడం లేదు. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీలుస్తుంది. డబ్బాలో నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు పోసి ఇంజనును తప్పుపట్టడం న్యాయం కాదు.

లోతుగా, బరువు పెరిగేకొద్దీ గట్టిపడే ‘డొక్కు డొక్కు’ దెబ్బ మాత్రం వేరే సంగతి. కనెక్టింగు రాడ్డు బేరింగు లూజైతే వచ్చే చప్పుడది. ఏ సిలిండరుదో తేల్చడానికి ఒక్కో ప్లగ్గు వైరు తీసి, తీసినదాన్ని ఇంజను బాడీకి ఎర్త్ చేసి నడుపుతారు. ఏది తీసినప్పుడు దెబ్బ మెత్తబడుతుందో దోషం అక్కడుంది. ఆ తర్వాత ఇంకొక్క నిమిషం కూడా నడపవద్దు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చప్పుడు ఆలస్యంగా చేసే దోషం. ఇంజనును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే. లోపలి చిన్న రబ్బరు చక్రం ఆ నీటిని పైకి తోడుతుంది. వాగు నీళ్లలో ఒండ్రు, ఇసుక ఎక్కువ. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిసే చోట వానాకాలంలో నీటి రంగు చూసినవాళ్లకు వేరే చెప్పక్కరలేదు. ఇసుక రబ్బరు రెక్కలను అరగదీస్తుంది, ఒండ్రు దారులను మూస్తుంది. ఇంజను కాగి గొంతు బొంగురుపోయి, కణకణమని లోహం కొట్టుకునే దాకా వస్తే అప్పటికే ఆలస్యం. అందుకే ఇక్కడ చెవితో పాటు కన్ను కావాలి. ఇంజను పక్కన సన్నగా చిమ్మే నీటి ధార ఆగిందా, ఇంజను ఆపెయ్యాలి. టూ స్ట్రోకు మోటరుకు పెట్రోలులో ఆయిలు కలపడం మరిచినా ఇదే గతి, పిస్టను పట్టేస్తుంది.

కొత్త మోటర్లలో దోషాన్ని అంకెల్లో చూపే ఏర్పాట్లు వచ్చాయి, మంచిదే. కానీ పలకకు బిగించిన బోల్టు వదులైందని, ఫ్యాను రెక్క వంగిందని ఆ అంకెలు చెప్పవు. చెప్పేది అదురే. ఈ విద్య పుస్తకం చదివితే వచ్చేది కాదు. పక్కన కూర్చున్న కుర్రాడికి ఉస్తాద్ ‘ఇగో, ఇది విను’ అని చెప్పడమే దాని పాఠం. ఇవాళ ప్రతి చేతిలో ఫోను ఉంది. బాగున్న మోటరు చప్పుడును ఒకసారి రికార్డు చేసి ఉంచుకుంటే తేడా వచ్చిన రోజున పోల్చుకోవచ్చు.

ఫైర్ స్టేషన్లలో, మత్స్యకార సంఘాల్లో, వాగొడ్డు పంచాయతీల్లో పడవ మోటరు ఉన్నవాళ్లకు ఒక విన్నపం. మృగశిర కార్తెకు ముందే మోటరును నీళ్లు నిండిన డ్రమ్ములో దించి, ఫ్యాను విప్పి పక్కన పెట్టి, పది నిమిషాలు నడపండి. నీళ్లు లేకుండా మాత్రం నడపకండి, లోపలి రబ్బరు చక్రం కాలిపోతుంది. మీ ఊరి మోటరు మెకానిక్‌ను కూడా ఆ రోజు పిలవండి.