సుబేదారి: స్థలనామార్థ విమర్శనము

హనుమకొండలోని సుబేదారి యను పేట పేరునకు అర్థము చెప్పువారు సాధారణముగా వ్యుత్పత్తితో తృప్తి నొందుదురు. పారసీకమున 'సూబా' యనగా రాష్ట్రభాగము. 'దార్' అనగా వహించువాడు. తుది యికారము పదవిని దెలుపును. జమీందారు, జమీందారి వలె సుబేదారు, సుబేదారి. ఈ వ్యుత్పత్తి నిర్దుష్టమే. కాని దీనివలన నామార్థము తేలదు.

ఏలయన, సుబేదారు శబ్ద మొకటియే యైనను వాచ్యము త్రివిధము. మొగలు సామ్రాజ్యమున సుబేదారు పాదుషాకు ప్రతినిధిగా రాష్ట్రమునంతను ఏలువాడు. 1724లో స్వతంత్రించిన మొదటి నిజాము దక్కను సుబేదారే. ఆంగ్లేయుల సైన్యమున నాతడు దొరలకు లోబడిన స్వదేశి దళనాయకుడు. నిజాము రాజ్యమున, పందొమ్మిదవ శతాబ్ది సంస్కరణల పిమ్మట, కొన్ని జిల్లాలు చేరిన సుబాకు అధికారి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల వరంగల్ సుబాలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలుండెను. జిల్లాల నేలు తాలూకుదార్లకు సుబేదారు పైయధికారి.

పేట పేరు ఈ కడపటి యర్థమునే వహించుచున్నది. పటాలపు టర్థమును గొని యిది దండు విడిసిన చోటనుట గాని, మొగలు టర్థమును గొని పేరునకు లేని ప్రాచీనత గల్పించుట గాని తగదు. తాలూకుదారు శబ్దమును ఇట్టిదే: అయోధ్యా ప్రాంతమున భూస్వామి, నిజాము రాజ్యమున జిల్లాధికారి.

ఇక పదవీవాచకము స్థలవాచక మగుటకు ఆలంకారికుల మార్గమే చాలును. 'గంగలో గొల్లపల్లె' యన్నప్పుడు గంగాశబ్దము తీరమును దెలుపునట్లు, సుబేదారి శబ్దము పదవిని విడిచి, ఆ యధికారి నివాసమున్న తావును లక్షణచే దెలిపెను. వాడుకచే నా లక్షణయే రూఢి యయ్యెను. రూఢి యైన పేరు మూలవస్తువు నశించినను నిలుచును. ఇంగ్లండులో మాంచెస్టర్ మొదలగు పేళ్ల చివరి 'చెస్టర్' లాటినులో శిబిరమను నర్థముగల పదమునుండి వచ్చినది. రోమక సేనలు పోయి పదునైదు శతాబ్దములు దాటినను పేళ్లు పోలేదు. 1948లో నిజాము పాలన యంతరించినను సుబేదారియు నట్లే నిలిచినది.

దీనికి ప్రతికూలోదాహరణము చెంతనే కలదు. 1323లో ఓరుగల్లును జయించిన ఉలూగ్ ఖాను దానికి సుల్తాన్‌పురమని పేరిడెను. శాసించిన పేరు జనుల నోట నిలువలేదు; ఓరుగల్లే నిలిచెను. కావున స్థలనామమునకు ప్రాణము వ్యుత్పత్తియు గాదు, రాజాజ్ఞయు గాదు, జనవ్యవహారమే. సుబేదారి యను పేరునకు 'సుబేదారు పదవి' యని మాత్రము వ్రాసి విడుచు నిఘంటువు సగమే చెప్పినట్లు. ఏ రాజ్యపు సుబేదారో, ఏ కాలపువాడో చెప్పినగాని పాఠశాలలోని బాలునకు పేరును తెలియదు, ఊరి చరిత్రయు తెలియదు.