మందు లేని సూది

చెన్నై షోళింగనల్లూరులో పాత మహాబలిపురం రోడ్డు మీద ఇన్ఫోసిస్ ప్రాంగణం, దగ్గర్లోనే ఎల్కాట్ సెజ్. అక్కడి ఉద్యోగుల్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. మెడ పట్టేసిందనో, భుజం లాగేస్తోందనో ఫిజియోథెరపీ క్లినిక్కుకు వెళ్లినవాళ్లకు ఈమధ్య తరచూ వినిపించే చికిత్స డ్రై నీడ్లింగ్. సన్నని సూదిని కండలోకి దించుతారు, మందు మాత్రం ఎక్కించరు. మందే లేకపోతే నొప్పెలా తగ్గుతుంది?

ఈ పద్ధతి పుట్టింది మందు సూదిలోంచే. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యం చేసిన డాక్టరు జానెట్ ట్రావెల్, కండరాల్లోని నొప్పి ముడులను వెతికి వాటిలో ప్రొకైన్ మత్తుమందు ఎక్కించేవారు. ఈ ముడులనే ట్రిగ్గర్ పాయింట్లంటారు. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 'పెయిన్' పత్రికలో ఇంకో సంగతి రాశాడు: సూది సరిగ్గా ఆ చోట దిగితే చాలు, మందు లేకున్నా ఉపశమనం వస్తోందని.

సరిగ్గా ఆ చోట దిగడమే కష్టం. తరచూ నొప్పి ఒకచోట, ముడి మరోచోట ఉంటాయి. మెడ నుంచి భుజం మీదికి పరుచుకున్న ట్రెపీజియస్ కండలో ముడి పడితే కణత నొప్పి పుట్టొచ్చు. రెక్క ఎముక వెనక ముడి పడితే భుజం ముందువైపు సలుపుతుంది. అందుకే ఫిజియో ముందు వేళ్లతో తడిమి, బిగిసిన తీగలా తగిలే కండపోగును పట్టుకుంటారు. నొక్కగానే 'అదే, ఆ నొప్పే' అని రోగి అనాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తే మనవాళ్లకు చేతి నేర్పు విలువ చెప్పక్కర్లేదు. ట్రెపీజియస్ కిందే ఊపిరితిత్తి పైకొస ఉంటుంది కాబట్టి కండను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పైకి ఎత్తిపట్టి మరీ గుచ్చుతారు. సూదిని కాస్త పైకీ కిందికీ ఆడిస్తుంటే కండ ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. చాలామంది ఫిజియోలు ఎదురుచూసేది దానికోసమే. వెన్నుపాము దాకా వెళ్లి వచ్చే ప్రతిచర్య అది. ఆ తర్వాత ఒకట్రెండు రోజులు అక్కడ పచ్చిపుండులా సలపడం మామూలే.

సూది అదే రకమైనా ఇది ఆక్యుపంక్చర్ కాదు. ఇక్కడ చూసేది శక్తి నాడులను కాదు, కండరాలను, నరాలను. ముడి దగ్గర అసిటైల్‌కోలిన్ ఎక్కువగా ఊరి కండ బిగుసుకుంటుందని ఒక వాదం. దీని మీద పండితుల తగాదా తెగలేదు. ఫలితాల విషయంలో మాత్రం అధ్యయనాల ధోరణి తెలుస్తూనే ఉంది. కొన్నాళ్లపాటు నొప్పి తగ్గుతుంది, దీర్ఘకాలంలో మిగతా ఫిజియోథెరపీని మించిన లాభం పెద్దగా కనిపించదు. కాబట్టి ఆ ఊరట ఉన్న రోజుల్లోనే మెడకూ భుజాలకూ వ్యాయామం మొదలెట్టాలి. అది చెప్పకుండా వారం వారం సూదులే గుచ్చే క్లినిక్కు మీ మెడను కాదు, మీ పర్సును చూస్తోంది.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఛాతీ చుట్టుపక్కల గుచ్చాక ఆయాసం వస్తే ఇంట్లో పడుకోక ఆసుపత్రికి వెళ్లాలి, ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం అరుదే అయినా లేకపోలేదు. సూది కొత్త ప్యాకెట్లోంచి తీస్తున్నారా, ఇందులో శిక్షణ పొందారా అని అడగడానికి మొహమాటపడకండి. తడిమి చూడకుండానే సూది అందుకునే వాళ్ల దగ్గర అసలు పడుకోవద్దు.